పన్నెండు ఏపీలూ, ఒక సీ గ్రేడూ

సంక్రాంతి ముగ్గుల ఫొటోలు ఇంకా ఆగనే లేదు, ఈ మెసేజ్ మళ్లీ మొదలైంది. నిన్న ఒక్కరోజే నాకు నాలుగు చోట్ల నుంచి వచ్చింది. మా పాత ఆఫీసు గ్రూపులోంచి ఒకటి, తెలుగు బడి అమ్మల గ్రూపులోంచి ఒకటి, ఎడిసన్‌లో ఉండే మా బావగారి దగ్గర్నుంచి ఒకటి. నాలుగోది తెనాలి నుంచి మా పెద్దమ్మ పంపింది. "నీకు పనికొస్తుందేమోనే, చూడు. ఏపీ అంటే మన ఏపీయేనా?" అని కింద వాయిస్ మెసేజ్ కూడా పెట్టింది. మన ఏపీ కాదు పెద్దమ్మా, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్: హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు, చివర్న 5 స్కోరుకి ఒక పరీక్ష. నలుగురిలో చదివి ప్రశ్న వేసింది ఆవిడ ఒక్కతే. మిగతా ముగ్గురూ చదివినట్టు లేదు.

"అమెరికాలో హైస్కూలు పిల్లలున్న ప్రతి తల్లీతండ్రీ తప్పక చదవాలి! కౌన్సెలర్లు మీకు చెప్పని 9 నిజాలు!" అని హెడ్డింగు. రాసిందెవరో లేదు. "హార్వర్డ్‌లో పనిచేసే మనవాడొకరు చెప్పారు" అని మాత్రం ఉంది. హార్వర్డ్‌లో క్యాంటీన్ కూడా ఉంటుంది, అక్కడా మనుషులు పనిచేస్తారు.

పోయినేడు చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఈసారి మా టెక్సస్ స్కూల్లో కోర్స్ సెలెక్షన్ ఫారాలు ఈ శుక్రవారానికల్లా ఇచ్చేయాలి. ఇద్దరు తల్లులు ఈ మెసేజ్‌ని ప్రింటు తీయించి మరీ కౌన్సెలర్ దగ్గరికి పట్టుకెళ్లారని విన్నాక ఇక ఊరుకోబుద్ధి కాలేదు. వరసగా చెప్పుకొస్తాను. కొన్నిటికి అంత ఓపిక లేదు, వాటిని తోసేస్తాను.

మొదటి నిజం: "మంచి కాలేజీ రావాలంటే కనీసం 12 ఏపీలు ఉండాలి. ఎన్ని ఎక్కువుంటే అంత మంచిది."

పన్నెండే ఎందుకో? డజను కాబట్టా? అరటిపళ్లా? మనం ఎంసెట్ ర్యాంకుల ఊరి నుంచి వచ్చాం, మనకి ఏదైనా ఒక అంకె చేతిలో పెడితేగానీ నిద్రపట్టదు. ఇక్కడ అలా లెక్కించే మనిషే లేడు. చాలా కాలేజీలకి ఒకే దరఖాస్తుగా పనికొచ్చే కామన్ యాప్‌లో మీ కౌన్సెలర్ నింపే స్కూల్ రిపోర్టు అని ఒకటుంటుంది. అందులో, మీ స్కూల్లో కాలేజీకి సిద్ధమయ్యే మిగతా పిల్లలతో పోలిస్తే ఈ పిల్ల ఎంచుకున్న కోర్సులు ఎంత కష్టమైనవి అని అడుగుతారు. "అత్యంత కష్టం" అనే గడిలో టిక్కు పడుతుందా లేదా అన్నదే సంగతి. దాంతోపాటు స్కూలు ప్రొఫైల్ వెళుతుంది, ఈ స్కూల్లో అసలు ఏమేం చెబుతారో అందులో ఉంటుంది. ఆరే ఏపీలున్న పల్లెటూరి స్కూల్లో అయిదు తీసుకున్న పిల్లాడినీ, ముప్ఫై ఉన్న మన సబర్బన్ స్కూల్లో పన్నెండు తీసుకున్న పిల్లనీ ఒకే తక్కెడలో పెట్టి తూచరు.

లెక్కే కావాలంటే కాలిఫోర్నియా వాళ్ల లెక్క చెబుతాను. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా జీపీఏని, అంటే గ్రేడుల సగటుని, సొంతంగా వేసుకుంటుంది. ఏపీ లాంటి కష్టమైన కోర్సులకి అదనపు పాయింటు గరిష్ఠంగా ఎనిమిది సెమిస్టర్లకే, అంటే నాలుగు ఏడాది కోర్సులకే ఇస్తుంది. అవి కూడా 10, 11 తరగతుల్లో చదివినవే అయి ఉండాలి. ఆ జీపీఏలో మీ అయిదో ఏపీ దగ్గర్నుంచి పన్నెండో ఏపీ దాకా పెరిగేది సున్నా. కోర్సులు చూస్తారు, కాదనను. కానీ "ఎన్ని ఎక్కువుంటే అంత" అన్న సూత్రం ఏ పుస్తకంలోదో నాకు తెలియదు.

రెండోది, "9వ తరగతి నుంచే ఏపీ బయాలజీతో మొదలెట్టండి". పై పేరాలో 10, 11 అన్నాను కదా, తొమ్మిదిలో చదివింది ఆ లెక్కలోకి రాదు. ఇంకో పక్క చూస్తే, కెమిస్ట్రీ ఒక్కరోజు కూడా చదవని పద్నాలుగేళ్ల పిల్లకి సెల్ మెటబాలిజం ఎలా ఎక్కుతుందో చెప్పే బాధ్యత ఆ హార్వర్డ్ మనవాడికే వదిలేస్తున్నాను. తొమ్మిదిలో హ్యూమన్ జాగ్రఫీ తీసుకుంటారు చాలామంది, తీసుకోనివ్వండి.

నాలుగోది ముందు చూద్దాం, మూడోదానికి అది అవసరం. "12వ తరగతిలో ఆరు ఏపీలు తీసుకుని అన్నిట్లో 5 తెచ్చుకుంటే ఐవీ లీగ్ ఖాయం." ఏపీ పరీక్షలు మేలో. స్కోర్లు జులైలో. ఐవీ లీగ్ కాలేజీల (హార్వర్డ్, డార్ట్‌మత్, బ్రౌన్ లాంటివి) జవాబులు మార్చి ఆఖరుకల్లా వచ్చేస్తాయి. పెళ్లయి పిల్ల అత్తారింటికి వెళ్లిపోయాక జాతకాలు చూపించినట్టు.

ఇక మూడోది. "5 వస్తే అమెరికాలో ఏ యూనివర్సిటీ అయినా క్రెడిట్ ఇస్తుంది, ఏడాది ఫీజు మిగిలినట్టే."

క్రెడిట్ అంటే ఆ కోర్సు కాలేజీలో చదివేసినట్టు లెక్క. ఇక్కడే మన వాళ్ల తలకిందుల వ్యవహారం బయటపడుతుంది. ఏ కాలేజీల కోసమైతే పిల్లల చేత డజన్ల కొద్దీ ఏపీలు చేయిస్తున్నామో, ఆ కాలేజీల్లో చాలావాటికి ఆ 5 అక్కర్లేదు. డార్ట్‌మత్ 2018లో పట్టా తీసుకునే బ్యాచ్ నుంచే ఏపీకి క్రెడిట్ ఇవ్వడం మానేసింది. బ్రౌన్‌లో డిగ్రీ లెక్కలోకి రాదు. కాల్‌టెక్ ఇవ్వదు. ఎంఐటీ ఏపీ కాల్‌క్యులస్ బీసీలో 5 వస్తే మొదటి కాల్‌క్యులస్ కోర్సు మాఫీ చేస్తుంది, ఏపీ ఫిజిక్స్ సీ పరీక్షకి కొంత ఇస్తుంది. అక్కడితో దాని దయ అయిపోతుంది. నిజంగా క్రెడిట్ ఇచ్చేవి మన స్టేట్ యూనివర్సిటీలు. టెక్సస్‌లో అయితే చట్టమే ఉంది: ప్రభుత్వ యూనివర్సిటీలు మామూలుగా 3 వచ్చినా క్రెడిట్ ఇవ్వాలి, ఇంకా ఎక్కువ అడగాలంటే కారణం చూపించాలి. కానీ మన ఇళ్లలో యూటీ డాలస్ పేరెత్తితే మొహాలు ముడుచుకుంటాయి. డబ్బు మిగిల్చే కాలేజీ వద్దు, మిగల్చని కాలేజీ కోసం డబ్బు మిగులుతుందని ఫార్వర్డు. పరీక్షకి 99 డాలర్లు, 2025 రేటు. పన్నెండు పరీక్షలకి 1,188. కట్టేది మీరే కదా, ఓసారి గుణించి చూసుకోండి.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. హెచ్-4 మీద, అంటే తల్లో తండ్రో ఉద్యోగ వీసాని పట్టుకుని వచ్చే వీసా మీద ఉన్న పిల్లల సంగతి వేరు. వాళ్లకి ఫెడరల్ గ్రాంటూ లేదు, ఫెడరల్ లోనూ లేదు. గ్రీన్‌కార్డు క్యూలో తండ్రి జుట్టు నెరుస్తూ ఉంటుంది, ఈలోపు పిల్లకి 21 వచ్చి ఆ వీసా పోతుంది. అలాంటి ఇంట్లో స్టేట్ యూనివర్సిటీలో ఒక సెమిస్టర్ తగ్గించుకోవడమంటే చిన్న విషయం కాదు. వాళ్లు క్రెడిట్లు లెక్కపెట్టుకుంటుంటే నేను నోరెత్తను. మెసేజ్ వాళ్లని ఉద్దేశించి రాసుంటే దణ్ణం పెట్టేదాన్ని. అది వాళ్ల ఊసే ఎత్తలేదు.

ఇప్పుడు అయిదోది. అసలు నేను కూర్చుని ఇదంతా టైపు చేస్తున్నది దీని కోసమే. మాటమాటకీ అలాగే దించుతున్నాను:

"మెడిసిన్ అనుకునే పిల్లలు కెమిస్ట్రీ, బయాలజీ హైస్కూల్లో ఉండగానే కమ్యూనిటీ కాలేజీలో డ్యూయల్ క్రెడిట్‌గా కొట్టేయాలి. చాలా సులువు. ఒకవేళ గ్రేడు తగ్గినా పర్వాలేదు, అది హైస్కూలు గ్రేడే కదా, కాలేజీలో మళ్లీ ఫ్రెష్‌గా మొదలవుతుంది."

డ్యూయల్ క్రెడిట్ అంటే ఒకే కోర్సు హైస్కూలుకీ, కాలేజీకీ రెండిటికీ లెక్కకి రావడం. గ్రేడు తగ్గినా పర్వాలేదా? పర్వా ఉంది. ఆ కోర్సులో చేరిన రోజే మీ పదహారేళ్ల పిల్లకి ఒక నిజమైన కాలేజీలో ఒక నిజమైన ట్రాన్‌స్క్రిప్టు (మార్కుల రికార్డు) పుట్టింది. ఏపీ పరీక్షలో 2 వస్తే ఆ 2ని ఎవరికీ చూపించనక్కర్లేదు, ఏ జీపీఏలోనూ కలవదు. డ్యూయల్ క్రెడిట్‌లో సీ వస్తే అది చచ్చేదాకా ఉంటుంది. మెడికల్ కాలేజీలకి దరఖాస్తు పెట్టే ఏఎంసీఏఎస్ ఉంది కదా, అది జీవితంలో చదివిన ప్రతి కాలేజీ కోర్సునీ ఒక్కొక్కటిగా ఎక్కించమంటుంది. హైస్కూల్లో ఉండగా చదివినవీ ఎక్కించాల్సిందే. టెక్సస్ ప్రభుత్వ మెడికల్ కాలేజీలకి వేరే దరఖాస్తుంది, అక్కడా తప్పించుకోలేరు. లా వాళ్లకీ అంతే.

మాకు బాగా దగ్గరైన ఇంట్లో అమ్మాయి కథ చెబుతాను, వాళ్ల అనుమతితోనే. పదకొండో తరగతికి ముందు వేసవిలో కమ్యూనిటీ కాలేజీలో కెమ్ 1411 తీసుకుంది. టెక్సస్ నంబర్లలో రెండో అంకె క్రెడిట్లు చెబుతుంది, అంటే నాలుగు క్రెడిట్లు, ల్యాబుతో కలిపి. వేసవి టర్ము అయిదు వారాలు. మామూలు సెమిస్టర్ మొత్తాన్ని ఆ అయిదు వారాల్లో కుక్కుతారు, రోజూ క్లాసు, రోజు విడిచి రోజు ల్యాబు. మధ్యలో విజయవాడలో మేనమామ పెళ్లి వచ్చిపడింది. పది రోజులు. ల్యాబులు పోయాయి. తిరిగొచ్చేసరికి డ్రాప్ చేసుకునే తేదీ దాటిపోయింది. వాళ్లమ్మ కాలేజీకి ఫోను చేస్తే, విద్యార్థి సంతకం లేకుండా మీతో మాట్లాడం అన్నారు. హైస్కూల్లో టీచరుకి ఈమెయిల్ పెట్టి బతిమాలుకునే అలవాటు మనది. అక్కడ విద్యార్థుల రికార్డుల గోప్యతకి పెట్టిన 1974 నాటి చట్టం (ఫెర్పా) అడ్డం నిలబడింది. సీ వచ్చింది. పెళ్లిలో పూతరేకులు బాగున్నాయట.

ఆ తర్వాత నాలుగేళ్ల కాలేజీలో ఆ పిల్ల రక్తం ధారపోసింది. పోయిన మేలో దరఖాస్తు ఎక్కించడానికి నా సాయం అడిగింది, నాకు ఎక్సెల్ పిచ్చి ఉందని అందరికీ తెలుసు. మా వంటింటి గట్టు మీద లాప్‌టాప్ పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. ప్రతి కోర్సు పక్కనా అది ఏ ఏడాది చదివావో ఎంచుకోవాలి. అందులో హైస్కూలు అని కూడా ఉంది. తర్వాత జీపీఏ పట్టిక వచ్చినప్పుడు, అన్నిటికన్నా పై వరుసలో "హైస్కూల్", దానికెదురుగా సైన్సులూ లెక్కల గడిలో 2.00. ఆ పిల్ల ఏమీ అనలేదు. వెనకనించి తొంగిచూసిన వాళ్లమ్మ, "అది స్కూలు సబ్జెక్టు కదమ్మా, తీసెయ్" అంది. తీసెయ్యడానికి అక్కడ బటన్ లేదు. దాచి సంతకం పెడితే ఇంకా పెద్ద గొడవ.

లెక్క చూడండి. సైన్సు, లెక్కలు కలిపి 40 క్రెడిట్లు అనుకుందాం. అందులో నాలుగు క్రెడిట్లకి సీ. మిగిలిన 36కీ ఏ వచ్చిందనే అనుకుందాం, ఆర్గానిక్ కెమిస్ట్రీతో సహా. ఏకి 4, సీకి 2 చొప్పున అప్పుడొచ్చేది 4కి 3.80. అదీ అన్నీ ఏలు వస్తే. పదహారేళ్లప్పుడు చేసిన ఒక్క వేసవి కోర్సు, ఇరవై ఒకటో ఏట తను ఎక్కగలిగే మెట్టు ఎక్కడ ఆగాలో ముందే నిర్ణయించేసింది. మళ్లీ చదివి ఏ తెచ్చుకుంటే పాతది పోతుందనుకోకండి, ఏఎంసీఏఎస్ రెండూ కలిపే లెక్కేస్తుంది. "మళ్లీ ఫ్రెష్‌గా మొదలవుతుంది" అట. ఏది ఫ్రెష్? కొత్తిమీరా?

పోనీ, ఏ వచ్చిందనే అనుకుందాం. అప్పుడైనా "కొట్టేసినట్టు" అవుతుందా? కొన్ని మెడికల్ కాలేజీలకి కమ్యూనిటీ కాలేజీ సైన్సులంటే పడదు. కొన్ని దాని పై కోర్సు నాలుగేళ్ల యూనివర్సిటీలో చదివి చూపించమంటాయి. ఏపీ కెమిస్ట్రీ క్రెడిట్‌కీ చాలాచోట్ల ఇదే గతి. ముందే కొట్టేశామని మురిసిపోయినవాళ్లు, జనరల్ కెమిస్ట్రీ చదివి రెండేళ్లయ్యాక సరాసరి ఆర్గానిక్‌లో దిగుతారు, పక్కన కూర్చున్నవాడు నిన్నగాక మొన్న చదివొచ్చాడు. మనం బైపీసీలో ఫస్టియర్ రాయకుండా సెకండియర్ క్లాసులో కూర్చుంటే ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోండి.

ఇప్పుడు ఒక మాట చెప్పాలి, చెప్పకపోతే ఈ రాత రాసే అర్హత నాకు లేదు. ఆ వేసవిలో వాళ్లమ్మ సలహా అడిగింది నన్నే. "చేయించెయ్ వదినా, ఎలాగూ స్కూలు సబ్జెక్టే కదా, ఓ పని అయిపోతుంది" అన్నాను. నాకెవరు చెప్పారంటే, ఇలాంటి మెసేజ్ ఒకటి చెప్పింది. నేనప్పుడు దాన్ని ఇంకో ముగ్గురికి పంపాను కూడా. వాళ్ల పిల్లలు ఏం తీసుకున్నారో, ఏం వచ్చిందో అడిగే ధైర్యం ఇంతవరకూ చేయలేదు.

అందుకే అయిదో పాయింటు మాత్రం ఎవరైనా మళ్లీ పంపితే ఊరుకోను. మిగతావి మీ ఇష్టం.

ఆరోది: "హిస్టరీ, గవర్నమెంట్, ఇంగ్లిష్ డ్యూయల్ క్రెడిట్‌లో పూర్తి చేయండి." ఇది చదివి నేనే ఆశ్చర్యపోయాను. ఎందుకంటే ఇది కరెక్టు. టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీలో ఎవరు డిగ్రీ తీసుకోవాలన్నా అమెరికా చరిత్ర ఆరు క్రెడిట్ గంటలు, గవర్నమెంట్ ఆరు క్రెడిట్ గంటలు చట్టప్రకారం చదవాల్సిందే, కంప్యూటర్ సైన్స్ వాడైనా, కథక్ వాడైనా. హిస్ట్ 1301, 1302, గవ్ట్ 2305, 2306: ఈ నంబర్లు రాష్ట్రమంతా ఒకటే, ఒక చోట చదివితే ఇంకోచోట చెల్లుతాయి. గవర్నమెంట్ సబ్జెక్టు ఏపీ పరీక్షలో 5 తెచ్చుకున్నా టెక్సస్ రాజ్యాంగం ముక్క మిగిలిపోతుంది, 2306లో అది కూడా అయిపోతుంది. శ్రద్ధగా చదివే పిల్ల అయితే, వేసవి పెళ్లిళ్లు లేకపోతే, నిక్షేపంగా తీసుకోవచ్చు. ప్రైవేటు కాలేజీకి వెళ్లాలనుకుంటే ఇందులో సగం చెల్లకపోవచ్చు, ముందే ఆ కాలేజీ సైటు చూసుకోండి. మెసేజ్ రాసినవాడు తొమ్మిదింటికీ ఇదొక్కటే రాసి ఆపేసి ఉంటే, నేనూ ఫార్వర్డ్ చేసేదాన్నే.

ఏడు: "ఐబీ మన పిల్లలకి వద్దు." ఐబీ అంటే ఇంటర్నేషనల్ బాకలారియేట్, ఏపీ లాంటి ఇంకో కష్టమైన చదువు. మీ స్కూల్లో అది ఉందా? లేకపోతే ఈ పాయింటుతో పని లేదు. ఉంటే, రెండేళ్లు, ఆరు సబ్జెక్టులు, 4,000 పదాల వ్యాసం. రాయడమంటే ఇష్టమున్న పిల్లనడగండి, వాట్సాప్‌ని కాదు.

ఎనిమిది: "స్కోరు తగ్గితే కాలేజీకి పంపకండి." నిజమే. ఇది కూడా రహస్యమా?

తొమ్మిదోది ఒక్కటీ మిగిలింది. "బ్యాండ్, ఆర్కెస్ట్రా, ఆర్ట్ ఇలాంటివి తీసేయించండి. అవి మామూలు వెయిటే, ర్యాంకు పాడుచేస్తాయి." కోప్పడదామనే కూర్చున్నాను. కానీ మా స్కూల్ డిస్ట్రిక్ట్‌లో లాగా ఎలక్టివ్‌లని (ఇష్టం కొద్దీ తీసుకునే కోర్సులని) కూడా క్లాసు ర్యాంకులో కలిపేచోట లెక్క తప్పు కాదు. ఏపీకి 6, మామూలు కోర్సుకి 5 అనుకోండి. ఏడూ ఏపీలై ఏడింట్లో ఏ వస్తే సగటు 6. ఒకటి తీసి ఆర్కెస్ట్రా పెడితే, అందులోనూ ఏ వచ్చినా, 5.86. అసలేమీ తీసుకోకుండా ఆ పీరియడ్ ఖాళీగా కూర్చున్న పిల్లకి 6కి 6 ఉంటుంది. వాయించిన పిల్ల కన్నా కూర్చున్న పిల్ల పైన. యూటీ ఆస్టిన్ ఆటోమేటిక్ అడ్మిషన్ 2026 ఫాల్‌కి క్లాసు ర్యాంకులో పైనున్న 6 శాతం నుంచి 5 శాతానికి దిగింది, ఆ అంచు మీద ఈ చుక్క తర్వాతి అంకెలే కొట్టుకుంటాయి. (అయిదు శాతంలో ఉంటే యూటీ వస్తుంది. కంప్యూటర్ సైన్సు రావాలని లేదు. ఇదీ మెసేజ్‌లో లేదు.)

మా చిన్నది ఆర్కెస్ట్రాలో వయోలా వాయిస్తుంది. ఆరో తరగతి నుంచీ. గొప్పగా ఏం వాయించదు, మూడో వరసలో కూర్చుంటుంది. ఈ లెక్క నిన్న రాత్రి మా స్కూలు స్కేలు మీద నేనే వేశాను, మొత్తం నాలుగేళ్లకీ, ఎక్సెల్‌లో. తొమ్మిది ర్యాంకులు తగ్గొచ్చు, పన్నెండూ తగ్గొచ్చు. దానికి చూపించాను. చూసి, "ఓకే అమ్మా, ఫోర్త్ పీరియడ్ కదా, అక్కడే పెట్టు" అని మళ్లీ ఫోనులోకి వెళ్లిపోయింది.

పెట్టేశాను. సంతకం కూడా చేసేశాను. శుక్రవారం దాకా ఆగితే మా బావగారు ఇంకోటి పంపేలా ఉన్నారు.